ఖలీల్ రాజీనామాను బలపరిచేదెవరు?

ఆ ఉదయం ఖలీల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కొట్టు తెరవకుండా ఇంట్లో కూర్చోవాలి. సంఘం వాళ్ళు వచ్చి బతిమాలాలి. రెండుసార్లు కాదని మూడోసారికి కరగాలి. తెనాలి దర్జీల సహకార సంఘంలో రాజీనామా అంటే ఎన్నాళ్ళ నుంచో ఇంతే. ఈసారి విహారయాత్ర బాపట్ల సముద్రానికని ఆయన్ని అడక్కుండా తేల్చేశారు. డైరెక్టరన్నవాడికి ఆ మాత్రం మర్యాద లేదా అని నిన్ననే కాగితం రాసి కార్యదర్శి చేతిలో పెట్టి వచ్చాడు.

వచ్చేవాళ్ళ కోసం భార్య దిల్షాద్ సేమ్యా వండింది. సేమ్యా చల్లారింది. ఎవరూ రాలేదు.

వచ్చిన చిక్కల్లా కొత్త కార్యదర్శి జనార్దనరావుతోనే. గుమాస్తాగా రిటైరైన ఆయన సభా నియమాలు ఔపోసన పట్టిన మనిషి. "బోర్డు ఆమోదించేదాకా రాజీనామా చెల్లదండి. ఈలోగా ఇంటికెళ్ళి ఒత్తిడి చేయడం తప్పండి," అని అధ్యక్షుడు సుందరయ్యకు నూరిపోశాడు. బతిమాలడానికి చెప్పులేసుకున్న సుందరయ్య మళ్ళీ విప్పేశాడు.

మధ్యాహ్నానికి ఖలీల్‌కు అలక ముదిరింది. ఊళ్ళో లేకపోతేగానీ తన విలువ తెలియదనుకుని రైలెక్కి రేపల్లెలో చెల్లెలు రుక్సార్ ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ కబురు సంఘానికి చేరింది. ఊరే వదిలాడంటే పాపం మనసు బాగా విరిగిందని, ఇంకా పట్టుకు వేలాడటం బాగుండదని, మర్నాడే అత్యవసర సమావేశం పెట్టారు. శాలువా కొన్నారు, దండ పురమాయించారు.

మర్నాడు రుక్సార్ ఇంటికి దిల్షాద్ ఫోన్ చేసింది.

"ఏంటండీ, మీకు సాయంత్రం వీడ్కోలు సన్మానమంట. దండెంత పొడుగుండాలో అడిగి వెళ్ళారు."

ఆ సంఘం పుట్టిందే ఖలీల్ కుట్టుమిషను పక్కన. అది లేని సాయంత్రాలు ఏం చేసుకోవాలో ఆయనకు తెలియదు. తింటున్న అన్నం వదిలేసి స్టేషనుకు పరుగెత్తాడు.

ఆయన రొప్పుతూ సంఘం గదిలో అడుగుపెట్టగానే జనార్దనరావు ముఖం వికసించింది.

"రండి ఖలీల్ గారూ. ఏడుగురు డైరెక్టర్లలో నలుగురుండాలి, ముగ్గురే వచ్చారు. మిగతావాళ్ళు పెళ్ళిళ్ళ కుట్టుపనిలో ఉన్నారు. ఇప్పుడే వాయిదా వేయబోతున్నామండి. మీతో కోరం సరిపోయింది."

"నేను రాజీనామా ఇచ్చాను కదండీ?"

"ఆమోదించేదాకా మీరు డైరెక్టరేనండి."

అంటే తన రాజీనామాను ఆపాలని రేపల్లె నుంచి ఉరికొచ్చి, దాన్ని ఆమోదించే సభను తానే నిలబెట్టాడన్నమాట. వెనక్కి తీసుకుంటున్నానని ఒక్క మాటంటే చాలు. ఆ మాట గొంతుదాకా వచ్చింది కానీ, బల్ల మీద శాలువా చూసేసరికి పరువు అడ్డొచ్చింది.

డైరెక్టర్లలో ఒకడైన ఇస్సాకు కళ్ళు తుడుచుకుంటూ లేచాడు. "అన్న కోరిక మనం కాదనకూడదు. రాజీనామా ఆమోదించాలని ప్రతిపాదిస్తున్నానండి."

"బలపరిచేవారు?" అన్నాడు జనార్దనరావు. "లేకపోతే ప్రతిపాదన వీగిపోతుంది. అధ్యక్షులవారు బలపరచకూడదు, కార్యదర్శిగా నాకు ఓటు లేదు. ఇక కనకదుర్గ గారైనా చెయ్యెత్తాలి, ఖలీల్ గారైనా ఎత్తాలి."

కనకదుర్గ ఖలీల్ దగ్గరే జాకెట్లు కుట్టడం నేర్చుకుని సొంత కొట్టు పెట్టుకున్న మనిషి. ఆమె తాపీగా భుజం నిమురుకుంది.

"భుజం పట్టేసింది బాబాయ్. చెయ్యి లేవట్లేదు."

అందరూ ఖలీల్ వైపు తిరిగారు. చెయ్యెత్తితే పరువు దక్కుతుంది, సంఘం పోతుంది. ఎత్తకపోతే అలక బండారం బయటపడుతుంది. ఆయన కనకదుర్గను చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఒక్క భుజం నొప్పికి ఏమిచ్చి రుణం తీర్చుకోవాలో ఆయనకు తెలియలేదు.

"నాక్కూడా పట్టేసిందమ్మా," అన్నాడు.

ప్రతిపాదన వీగిపోయింది. సుందరయ్య హమ్మయ్య అనుకున్నాడు. ఇస్సాకు ఇందాకటికంటే గట్టిగా ఏడ్చాడు, ఈసారి సంతోషంతో. ఖలీల్ లేచి సభ్యులందరికీ ధన్యవాదాలు తెలుపుతూ ఒక తీర్మానం ప్రతిపాదించాడు.

"బలపరిచేవారు?" అని అడిగాడు జనార్దనరావు.

కనకదుర్గ రెండు చేతులూ ఎత్తింది.

మనిషికి ఒక్క చెయ్యే లెక్కని జనార్దనరావు రెండోది దించమన్నాడు.