సీనప్ప వేలికి చిక్కిన ఉంగరం

ఆ బుధవారం పొద్దున సీనప్ప వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తమిళనాడులోని తమ ఊరు మహేంద్రమంగళంలో ఏడున్నర బస్సెక్కాలి, ధర్మపురిలో దిగి ఇండూరు బస్సు పట్టాలి, గుణశేఖరన్ ఇంట్లో ఉంగరం తీసుకోవాలి, మధ్యాహ్నం అన్నం వేళకు తిరిగి వచ్చేయాలి.

ఆ ఉంగరం సీనప్ప కొడుకు విమల్ నిశ్చితార్థంలో గుణశేఖరన్ కూతురు జయప్రియకు తొడిగినది. నిశ్చితార్థమైన నెలకు రెండు కుటుంబాలూ కలిసి హొగేనక్కల్ జలపాతానికి వెళ్లాయి. ఎక్కిన గుండ్రటి పుట్టి పడవ నీళ్లలో ఒక్క చుట్టు తిరిగిందో లేదో, విమల్ "నన్ను దించండి" అని నది మధ్యలో కేకలు పెట్టాడు. జయప్రియ వీడియో తీసి స్టేటస్‌లో పెట్టింది. తీసెయ్యమని అతను, తియ్యనని ఆమె. మూడో రోజుకు పెళ్లే తీసేశారు.

ఆ తర్వాత పది రోజులు ఫోన్లలో యుద్ధం. పెళ్లి వద్దన్నది మీవాడు గనుక ఉంగరం మాది అని వాళ్లు, కొన్నది మావాడు గనుక మాది అని వీళ్లు. చివరికి జయప్రియే విసిగిపోయి, "నాకొద్దు, వచ్చి తీసుకోని పోండి" అంది.

"అక్కడ కూర్చోవద్దు. కాఫీ తాగొద్దు," అని చెప్పి పంపింది సీనప్ప భార్య వేదవల్లి. "ఉంగరం జోబులో వేసుకోవద్దు, బస్టాండులో కొట్టేస్తారు. వేలికి పెట్టుకోని రా."

ఇండూరులో గుణశేఖరన్ గుమ్మంలోకి వచ్చి, "రండి సంబంధీ" అన్నాడు. ఇంకా వియ్యంకుడనే పిలిచానని నాలుక కరుచుకుని, "రండి సార్" అని దిద్దుకున్నాడు. జయప్రియ ఉంగరం తెచ్చి సీనప్ప చేతిలో పెట్టి, "సరి చూసుకో మామా" అంది.

సీనప్ప కూర్చోలేదు. కాఫీ వద్దన్నాడు. భార్య చెప్పినట్టే ఉంగరాన్ని కుడిచేతి ఉంగరపు వేలికి తొడిగాడు. అది కణుపు దగ్గర ఆగింది. సీనప్ప కూడా అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. గట్టిగా ఒక తోపు తోశాడు. ఉంగరం లోపలికి పోయింది. ఆ తర్వాత ఎంత లాగినా వెనక్కి రాలేదు. వేలు వంకాయ రంగుకు తిరిగింది.

అప్పుడు గుణశేఖరన్ అక్క కాళియమ్మాళ్ ముందుకు వచ్చింది. పెళ్లి చేసుకోకుండా, బాల్వాడిలో ముప్పై ఏళ్లు ఆయాగా పని చేసిన మనిషి. ముక్కుల్లో పలకబలపాలు, చెవుల్లో చింతగింజలు ఎన్నో తీసిన అనుభవం ఉంది. సీనప్పను కుర్చీలో కూర్చోబెట్టి, కొబ్బరినూనె పోసి, అతని చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"కదలొద్దు అన్నా! చిన్నబిడ్డలు కూడా ఇంత గోల చెయ్యరు."

ఉంగరం ఇచ్చేసినట్టు రుజువు ఉండాలని గుణశేఖరన్ భార్య సెల్వరాణి సరిగ్గా ఆ క్షణంలో ఫోటో తీసింది. ఫోటోలో "అన్నా" అన్న మాట వినబడదు. కాళియమ్మాళ్ చేతుల్లో సీనప్ప చెయ్యి, వేలికి ఉంగరం, ముఖంలో నొప్పి మాత్రమే కనబడ్డాయి. ఆ నొప్పి చూడ్డానికి అచ్చం సిగ్గులా ఉంది. సెల్వరాణి ఫోటోను రెండు వైపులవాళ్లూ కలిపి నూట నలభై మంది ఉన్న బంధువుల గ్రూపులో పెట్టి, కింద తమిళంలో "మోదిరం మాత్తియాచ్చు" అని రాసింది. ఉంగరం చేతులు మారిందని ఆమె ఉద్దేశం. చదివినవాళ్లకు మాత్రం ఉంగరాలు మార్చుకున్నారని, అంటే నిశ్చితార్థం అయిపోయిందని అర్థమైంది.

మొదటి ఫోను పాలక్కోడు నుంచి సీనప్ప పెద్దనాయన కొడుకు కరుప్పుసామి చేశాడు.

"ఏం రా, కొడుకు సంబంధం తప్పిపోతే నువ్వు కుదుర్చుకున్నావా? వేదవల్లి సంగతేమి?"

సీనప్ప జవాబు చెప్పేలోగా ఇంకో మూడు ఫోన్లు మోగాయి. సెల్వరాణి కంగారుపడి గ్రూపులో ఇంకో మాట రాసింది: "అది కాదు, సీనప్ప ఇరుక్కుపోయినాడు." దానికి ముప్పై మంది నవ్వు బొమ్మలు పెట్టారు. "పెళ్లంటే అంతే, అందరమూ ఇరుక్కున్నవాళ్లమే" అని హోసూరు నుంచి ఒకాయన రాశాడు.

"కంసాలి ఆచారి దగ్గరికి పోయి కోయిద్దాం" అన్నాడు గుణశేఖరన్.

"వద్దు సంబంధీ," అన్నాడు సీనప్ప దీనంగా. ఈసారి దిద్దుకునే ఓపిక ఎవరికీ లేదు. "ఉంగరాన్ని ముక్కలు చేసుకోని పోతే, మా ఆమె నన్ను ముక్కలు చేస్తుంది."

సబ్బు అయింది, దారం అయింది, ఐసు గడ్డలు అయ్యాయి. పన్నెండు గంటలకు, గ్రూపులో ఫోటో చూసిన పాండియన్ వచ్చాడు. పందిళ్లు వేసి, ఫ్లెక్సులు కట్టేవాడు. విమల్ పెళ్లి ఆర్డరు పోయిందని పది రోజులుగా దిగులుగా ఉన్నవాడు ఇప్పుడు వెలిగిపోతున్నాడు.

"ఫ్లెక్సు అంతా పాతదే అన్నా. డిజైన్‌లో ఫోటో మాత్రం మార్చినా. బస్టాపు దగ్గర కట్టేసి వస్తా ఉండా."

కాళియమ్మాళ్ నూనె గిన్నె కింద పెట్టేసింది. "యాభై అయిదేళ్లు తప్పించుకోని తిరిగినాను రా, పాపీ!" అంది.

వేదవల్లి రెండు గంటలకు విమల్ బండి వెనక కూర్చుని ఇండూరు చేరింది. బస్టాపులో ఆమెకు మొదట కనబడింది ఎనిమిది అడుగుల మొగుడు. పక్కన కాళియమ్మాళ్. చుట్టూ మల్లెపూలు, పైన రెండు పావురాలు. విమల్ బండి ఆపి కాసేపు చూశాడు.

"అమ్మా, నాయన ఫోటోలో బాగానే పడినాడు."

ఆమె బండి దిగింది. అక్కడినుంచి నడిచే వచ్చింది. గుమ్మంలో ఆమెను చూడగానే కాళియమ్మాళ్ వంటింట్లోకి పోయి గొళ్లెం పెట్టుకుంది. సీనప్ప లేచి నిలబడ్డాడు. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"చెయ్యి చూపించు."

చూపించాడు. భయానికి వేలు కూడా పాలిపోయి, చిక్కి, వాడిన బెండకాయలా వేలాడుతోంది. వేదవల్లి రెండు వేళ్లతో పట్టుకుని లాగింది. ఉంగరం వచ్చేసింది.

"అదే, అదే చెప్తా ఉండాను," అన్నాడు సీనప్ప. "ఇరుక్కునింది, అంతే. నువ్వే గదా వేలికి పెట్టుకోమన్నావు..."

వేదవల్లి వినడం లేదు. ఉంగరాన్ని కొంగుతో తుడిచి వెలుగులోకి పట్టి చూసింది. తర్వాత నిదానంగా తన వేలికి తొడిగింది. కొలిచి చేయించినట్టు సరిపోయింది.

"మన పెళ్లికి ఉంగరం ఏదీ అని అడిగితే ఏమన్నావు?" అంది. గొంతులో కోపం లేదు, అందుకే అందరికీ ఇంకా భయమేసింది. "టమాటా పంట రానీ అన్నావు. ముప్పై ఒక్క పంటలు వచ్చినాయి."

ఆ మాట సీనప్పకు గుర్తుంది. ఆమెకూ గుర్తుంటుందని అనుకోలేదు.

"అమ్మా, అది నేను కొన్నది..." అన్నాడు విమల్.

"నువ్వు ముందు నీళ్లంటే భయం పోగొట్టుకో," అంది వేదవల్లి. జయప్రియ ఫక్కున నవ్వి, లోపలికి వెళ్లి ఆమెకు కాఫీ తెచ్చింది. వేదవల్లి కూర్చుని, ఉంగరం చేత్తో లోటా పట్టుకుని, మొత్తం తాగింది.

బంధువుల గ్రూపు వారం రోజులు చర్చించి, న్యాయంగా ఉంగరం విమల్‌కే చెందాలని ఏకగ్రీవంగా తేల్చింది. ఆ సంగతి వేదవల్లికి ఎవరు చెప్పాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.