రాళ్ల గుమాస్తా సంకల్పబలం

తూనికలు, కొలతల శాఖ సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, మన తూకపురాళ్ల గుమాస్తా సిగరెట్లు మానివేసినట్లు శాఖ దృష్టికి వచ్చినది. ఈ ఘనకార్యమునకు గాను ఆయనను సత్కరించుటయే గాక, ఆయన పాత కారు శాఖ ఖర్చుతో ఆమూలాగ్రం బాగుచేయించి ఇవ్వబడును. సత్కారము నాడు సిబ్బంది అందరూ సకాలంలో హాజరై, స్వచ్ఛందంగా సంతోషించవలెను. సంతోషించని వారి నుండి సంజాయిషీ కోరబడును.

ఈ నోటీసు ముందు అందరికన్నా ఎక్కువసేపు నిలబడినవాడు రాళ్ల గుమాస్తాయే. వ్యాపారుల తూకపురాళ్లు సరైనవో కావో తేల్చడానికి శాఖ దగ్గర అసలైన ఇత్తడి రాళ్లు కొన్ని ఉంటాయి. వాటికి దుమ్ము పట్టకుండా, అవి అరగకుండా, ఎవరి జేబులోకీ పోకుండా చూడటం ఆయన ఉద్యోగం. ఏళ్ల తరబడి రాళ్లను తుడిచీ తుడిచీ ఆయన అసలు పేరు అరిగిపోయింది. నోటీసు చదువుతూ ఉంటే ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. చూసినవాళ్లు అది వినయమనుకున్నారు. ఆ కారు బాగుపడిందంటే తాను మళ్ళీ సిగరెట్లు మొదలుపెట్టడం ఖాయమని ఆయన ఒక్కడికే తెలుసు.

ఇక్కడ శాఖ గురించి రెండు మంచి మాటలు చెప్పుకోవాలి. డైరెక్టరు గారు దూరదృష్టి గల మనిషి. దగ్గరవేవీ ఆయనకు కనిపించవు. మనుషులు పెద్ద పెద్ద సుఖాలకు అర్రులు చాచబట్టే జీతాలు పెంచమని అడుగుతున్నారనీ, చిన్నవాటికి అలవాటు పడితే ఆ జబ్బు నయమవుతుందనీ కనిపెట్టి, ఆయన చిన్న ఆనందాల పథకం ప్రవేశపెట్టారు. రోజూ భోజనాలయ్యాక హెడ్డు గుమాస్తా గంట వాయిస్తాడు. ఒక్కొక్కరే లేచి నిలబడి, ఆ రోజు తమకు కలిగిన చిన్న ఆనందాన్ని నలుగురూ వినేటట్టు ప్రకటించాలి. పథకం దివ్యంగా సాగింది. ఒక్కటే లోటు, ఆనందాలు చాలలేదు. టైపిస్టు లేచి, "ఇవాళ ఫ్యాను తిరిగిందండీ" అంది. ఫ్యాను శాఖ ఆస్తి గనక అది ఆమె సొంత ఆనందం కిందికి రాదని కొట్టేశారు. అకౌంటెంటు టీ వేడిగా ఉందని వరసగా చెబుతూ వచ్చాడు. ఒకే ఆనందాన్ని పదే పదే వాడుకోవడం నిబంధనలకు విరుద్ధమని మందలించారు. చివరికి జనం పక్కింటివాళ్ల ఆనందాలు అరువు తెచ్చుకుని చెప్పే స్థితికి వచ్చారు. పైనుంచి తనిఖీ రాబోతోందని కబురు కూడా వచ్చింది.

సరిగ్గా అటువంటి సమయంలో, ఒకనాడు గంట మోగగానే, చెప్పడానికి ఇంకేమీ తోచక రాళ్ల గుమాస్తా లేచి, "నేను సిగరెట్టు కాల్చి చాన్నాళ్లయిందండీ" అని నోరు జారాడు. డైరెక్టరు గారికి రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది.

ఆయన ఎలా మానేశాడో తెలియాలంటే ముందు ఎక్కడెక్కడ కాల్చేవాడో తెలియాలి. ఇంట్లో భార్య ఆయన్ని హాల్లోంచి వరండాలోకీ, వరండాలోంచి మేడ మీదికీ పంపింది. మేడ మీద పక్కింటావిడ ఆరేసిన బట్టలకు వాసన పడుతోందని గొడవైంది. ఆఫీసులో మెట్ల కింద కాల్చుకునేవాడు. అక్కడ పొగ తాగరాదని పెద్ద బోర్డు పెట్టారు. ఆయన ఆ బోర్డు చాటున నిలబడి కాల్చాడు. అది తీసేసి, చాటుకు పనికిరానంత చిన్న బోర్డు పెట్టారు. వీధిలో కాలిస్తే జరిమానా. లోకంలో తనకంటూ జానెడు చోటు లేకుండా పోయిన మనిషి ఏం చేస్తాడు? కొందరు సన్యాసం పుచ్చుకుంటారు. రాళ్ల గుమాస్తా కారు కొన్నాడు.

ఎక్కడికో వెళ్లిరావాలని కొన్న కారు కాదది. ఇంటికీ ఆఫీసుకూ మధ్య దూరం నడిచేంతే. నాలుగు తలుపులూ, ఒక కప్పూ ఉండి, లోపల కూర్చుంటే ఎవరూ లేవగొట్టని గది ఆయనకు కావాలి. ఆ గదికి చక్రాలుండటం అదనపు సౌకర్యం. ఒక పళ్ల డాక్టరు దొడ్లో పడి ఉన్న పాత కారు చవగ్గా దొరికింది. దాని రంగేమిటో చెప్పాలంటే ఏ పక్కనుంచి చూస్తున్నారో ముందు చెప్పాలి. రేడియో ఉంది గానీ వైపర్లు తిప్పితే తప్ప మోగదు. పక్క సీటు తలుపు లోపలినుంచి తెరుచుకోదు. డ్రైవరు దిగి, చుట్టూ తిరిగి వచ్చి తియ్యాలి. "నొప్పి తెలియకుండా నడుస్తుంది" అని పళ్ల డాక్టరు అలవాటు కొద్దీ హామీ ఇచ్చాడు.

కొన్న రోజే గుమాస్తా లోపల కూర్చుని, అద్దాలన్నీ ఎక్కించి, సిగరెట్టు పెదాల మధ్య పెట్టుకుని, అగ్గిపుల్ల తీశాడు. గుప్పున పెట్రోలు వాసన కొట్టింది. తీసిన పుల్ల తీసినట్టే పెట్టెలో పెట్టి, కారును మెకానిక్కు దగ్గరికి తోలుకుపోయాడు. మెకానిక్కు కిందికి దూరి, చూసి, బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"పెట్రోలు పైపు కొంచెం చెమరుస్తోంది సార్. మారిస్తే మంచిదే. మార్చకపోయినా బండి నడుస్తుంది. లోపల అగ్గిపుల్ల మాత్రం గియ్యకండి."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి చాలు సార్. రెండోది గీసే పని ఉండదు."

కారు కొన్న చేత్తో వెంటనే పైపు కూడా కొనే స్తోమత గుమాస్తాలకు ఉండదు. వచ్చే నెల చూద్దాం అనుకున్నాడు. వచ్చే నెల అనేది ఎంత సులువుగా రాకుండా ఉండగలదో ఉద్యోగస్తులకు చెప్పనక్కరలేదు. ఈలోగా కాల్చడానికి వేరే చోటు లేక, రోజూ సాయంత్రం వెళ్లి, వెలిగించని సిగరెట్టు నోట పెట్టుకుని కారులో ఊరికే కూర్చునేవాడు. మొదట్లో చిరాకు పట్టలేక స్టీరింగును కూడా తిట్టాడు. తర్వాత తర్వాత పొడి అద్దం మీద వైపర్లు అటూ ఇటూ పోతూ ఉంటే పాత పాటలు వినడం బాగుంటుందని తెలిసింది. కప్పు మీద వాన పడుతుంటే ఇంకా బాగుంటుందని తెలిసింది. ఒకరోజు సిగరెట్టు నోట పెట్టుకోవడం మరిచిపోయాడు.

భార్య ఆయన్ని రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకుందామని ఒక సాయంత్రం వచ్చి, చటుక్కున తలుపు తీసింది. పొగ వాసన లేదు.

"వాన లేదుగా, ఆ వైపర్లెందుకు తిరుగుతున్నాయి?"

"పాట వస్తోంది."

ఆమె ఆ మాటకు అర్థం అడగకుండా పక్క సీట్లో కూర్చుంది. పాట అయిపోయాక దిగబోతే తలుపు రాలేదు. ఆయన దిగి, చుట్టూ తిరిగి వచ్చి, తీసి పట్టుకున్నాడు. "పెళ్లయిన ఇన్నాళ్లకు నాకో తలుపు తీశారు" అంది ఆమె. మర్నాడు తనే ముందు వచ్చి కూర్చుంది. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఇద్దరూ కాసేపు కారులో కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. కారు కదిలేది కాదు. కదలాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. ఆ వయసులో, ఆ గుమాస్తా, సాయంత్రం ఎప్పుడవుతుందా అని గడియారం వంక చూసుకునేవాడు. అంత ఆనందంగా ఉన్నాడు. ఆ ఆనందం అంతా ఒక చిల్లుపైపు మీద ఆధారపడి ఉంది.

నోటీసు సంగతి విన్న రోజున భార్య తల పట్టుకుంది. "మీ సంకల్పబలం ట్యాంకు కింద బొట్టు బొట్టుగా పడుతోందని వాళ్లకేం తెలుసు? వెళ్లి ఉన్నమాట చెప్పెయ్యండి."

గుమాస్తా వెళ్లి, డైరెక్టరు గారి ముందు చేతులు కట్టుకుని, ఉన్నమాట చెప్పాడు. తనకు సంకల్పమూ లేదు, బలమూ లేదు, ఉన్నది పెట్రోలు వాసన ఒక్కటేననీ, దయచేసి దాని జోలికి రావద్దనీ ప్రాధేయపడ్డాడు. డైరెక్టరు గారి కళ్లు చెమర్చాయి. "విన్నావటయ్యా?" అన్నారు హెడ్డు గుమాస్తాతో. "ఎంత వినయం! తన గొప్పతనాన్ని తీసుకెళ్లి పైపు మీద పెడుతున్నాడు!" ఈ వాక్యం బాగుందని ఆయనే దాన్ని ఉపన్యాసంలో చేర్చుకున్నారు.

సత్కారం వైభవంగా జరిగింది. డైరెక్టరు గారు ఇలా సెలవిచ్చారు:

"సోదర సోదరీమణులారా! బరువంటే మనకు తెలియనిది కాదు. కానీ సంకల్పానికి బరువుంటుందా? ఉంటుంది! మానేసిన దగ్గర్నుంచి ఈయన ఎంత లావయ్యాడో చూడండి! అదంతా సంకల్పమే! ఇంతటి మనిషి అంతటి దరిద్రపు కారులో కూర్చోవడం శాఖకు తలవంపు. ఎక్కడ చిల్లు కనిపిస్తే అక్కడ పూడ్చడం మన ధర్మం. ఆయన వద్దన్నా సరే, మనం బాగుచేసి తీరతాం!"

చప్పట్లు నిబంధనల మేరకు మోగాయి. రాళ్ల గుమాస్తా పూలగుత్తి పట్టుకుని, ఉరికంబం ఎక్కినవాడిలా వేదిక మీద నిలబడ్డాడు.

కారు కొత్త పెళ్లికొడుకులా తిరిగొచ్చింది. నాలుగు వైపులా ఒకే రంగు. రేడియో వైపర్ల సాయం లేకుండా తనంతట తానే పాడుతోంది. పైపు కొత్తది. వాసన పేరుకైనా లేదు. ఆ సాయంత్రం భార్యాభర్తలు లోపల కూర్చున్నారు. వైపర్లు కదలకపోతే ఎక్కడ చూడాలో ఇద్దరికీ తెలియలేదు. గుమాస్తా నిగ్రహించుకున్నాడు. ఎంతసేపు నిగ్రహించుకున్నాడన్నది శాఖ కొలతల పరిధిలోకి రాదు. చివరికి జేబులోంచి అగ్గిపెట్టె తీసి, పుల్ల గీశాడు. ఏమీ పేలలేదు. తలుపు ఇప్పుడు లోపలినుంచి చక్కగా తెరుచుకుంటోంది. భార్య తనే తీసుకుని, దిగి వెళ్లిపోయింది. ఆ ఖాళీ సీటు చూస్తూ ఆయన ఇంకోటి వెలిగించాడు.

మర్నాడు భోజనాల వేళ, ఆఫీసు ఆవరణలోకి తోలుకొచ్చి నిలిపిన కారు అద్దాల వెనక పొగ తిరగడం హెడ్డు గుమాస్తా కంటపడింది. ఆయన పరుగెత్తాడు. ఆయన పరుగెత్తడం శాఖ చరిత్రలో అదే మొదలు. కారు తగలబడుతోందనుకుని కాదు, గంట వాయించడానికి.

పాఠకులారా, ఆనాడు పథకం ఫలించింది. టైపిస్టు లేచి, "రాళ్ల గుమాస్తా గారు మళ్ళీ మొదలుపెట్టారటండీ, పాపం" అంది. ఆ 'పాపం' అంటున్నప్పుడు ఆమె మొహం దీపంలా వెలిగింది. అకౌంటెంటు లేచి, "నేను ముందే అన్నాను" అన్నాడు. ముందే అనడం వేరే ఆనందం అవుతుందని దాన్ని విడిగా అంగీకరించారు. "ఎన్నాళ్లు మానతాడులే అనుకున్నా" అన్నవారు కొందరు, "ఆ పూలగుత్తి దండగే కదా" అన్నవారు కొందరు. ఒకే ఆనందాన్ని అందరూ వాడుకుంటున్నారని ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. సెలవులో ఉన్నవాళ్లు సెలవు రద్దు చేసుకుని వచ్చి సంతోషించారు. అదే వారం తనిఖీకి వచ్చిన పై అధికారులు ఇంత కళగా ఉన్న సిబ్బందిని తాము ఎక్కడా చూడలేదని మెచ్చుకుని, పథకాన్ని మిగతా శాఖలకూ విస్తరించమని సిఫారసు చేశారు.

విజయం దక్కింది గనక ఇక న్యాయం చేయడం మిగిలింది. సత్కారం రద్దు చేయబడినదనీ, శాఖ సొమ్ముతో అమర్చిన సామానంతా వెనక్కి తీసుకుని, సదరు కారును యథాపూర్వ స్థితికి తేవలెననీ ఉత్తర్వు వెలువడింది. ఉత్తర్వు పట్టుకుని హెడ్డు గుమాస్తా స్వయంగా మెకానిక్కు షెడ్డుకు వెళ్లాడు.

"బాగుచెయ్యమని వచ్చేవాళ్లనే చూశాను గానీ, పాడుచెయ్యమని వచ్చినవాళ్లను చూళ్లేదు సార్" అన్నాడు మెకానిక్కు. "పాత సామాను మూలన పడేసే ఉంది. పైపు కూడా పాతదే పెట్టాలా?"

"యథాపూర్వం అంటే యథాపూర్వమే!"

పని సవ్యంగా పాడైందో లేదో చూడటానికి హెడ్డు గుమాస్తా పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. చాలాసేపటి తర్వాత ఆయన కేకలు ఎవరికో వినిపించాయి. పని తృప్తికరంగా ఉన్నట్లు నివేదిక ఇచ్చాడు.

ఆఫీసు ఆవరణలో కారు చేతికి రాగానే రాళ్ల గుమాస్తా లోపల కూర్చుని ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చాడు. పెట్రోలు! కళ్లంట నీళ్లు కారాయి. కిటికీల్లోంచి చూస్తున్న సిబ్బంది ఆయన సిగ్గుతో ఏడుస్తున్నాడని గ్రహించి, మరికొంత ఆనందించారు. కాగల కార్యం గంధర్వులే తీర్చారని వాళ్లకు తెలియదు.

ఆ సాయంత్రం వాన లేకుండానే వైపర్లు తిరిగాయి. భార్య వచ్చి, వాసన చూసి, సర్దుకుని కూర్చుంది.

"ఏమండీ, ఈసారి మానేశానని ఎవరితోనూ అనకండి. మళ్ళీ బాగుచేసేస్తారు."

ఆయన ఆ మాట తప్పకుండా పాటిస్తున్నాడు. ఇప్పుడు రోజూ పొద్దున ఆఫీసు గేటు దగ్గర, వెలిగించని సిగరెట్టు నోట పెట్టుకుని, అందరూ లోపలికి పోయేదాకా నిలబడి ఉంటాడు. అప్పుడప్పుడూ శ్రద్ధగా దగ్గుతాడు. వచ్చేవాళ్లు ఆయన్ని చూసి, తల అడ్డంగా ఊపి, నిట్టూర్చి, హుషారుగా పనిలోకి పోతారు. శాఖలో పని ఇంత చురుగ్గా ఎన్నడూ సాగలేదు.

ఈ సంగతి మీరు బయటపెట్టరన్న నమ్మకంతో చెప్పడమైనది. ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. బాగుపడిన కారులో ఆయన అగ్గిపుల్ల గీసిన చోట, "అనుకున్నా!" అని మీ పెదవి మూల చిన్న నవ్వు మెదలడం శాఖ దృష్టికి వచ్చినది. గంట మోగినప్పుడు దయచేసి లేచి నిలబడవలెను.