‘ఒరే’ అనే మనిషి

వరలక్ష్మి నానబెట్టిన పెసలు గ్రైండర్‌లో వేసి, పక్కనే పీట మీద కూర్చుని అల్లం చెక్కు తీస్తోంది. రాళ్ల గరగర మీదుగా హాల్లోంచి హనుమత్ప్రసాద్ కేక వినిపించింది.

"పచ్చిమిర్చి తగ్గించకు! వాడికి కారం ఇష్టం!"

పొద్దుటి నుంచి ఆ కేక ఎన్నోదో ఆమె లెక్కపెట్టడం మానేసింది.

వాడంటే ఫణీంద్ర. రేపల్లె దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ప్రసాద్ పక్కన కూర్చుని చదువుకున్నవాడు. పదో తరగతి అయ్యాక ముప్ఫై ఏళ్లుగా ఒకరికొకరు కనబడలేదు. ఈమధ్య ఒక పెళ్లిలో ఊరివాళ్లెవరో, అతను హైదరాబాదులోనే ఉన్నాడని ఫోన్ నంబరు ఇచ్చారు. ప్రసాద్ ఆ రాత్రే ఫోన్ చేశాడు.

"అమీర్‌పేటలో సొంతిల్లు, పై వాటా ఖాళీగానే ఉందిరా, ఎప్పుడైనా వచ్చి ఉండొచ్చు అన్నానో లేదో, ఆదివారం వస్తానండీ అనేశాడు" అని పొంగిపోయాడు.

"అండీ అన్నారా?" అంది వరలక్ష్మి.

"పక్కన ఎవరో ఉండి ఉంటారు."

ఈ ఊరొచ్చి ఇరవై ఏళ్లయినా భర్తకి స్నేహితుడన్నవాడు లేడని ఆమెకి తెలుసు. ఆఫీసులో అందరికీ సార్. వీధిలో ప్రసాద్ గారు. ఎర్రగడ్డ రైతు బజారులో అంకుల్. "నన్ను ఒరే అని పిలిచేవాడు ఈ ఊళ్లో ఒక్కడూ లేడు వరం" అని ఆయన ఒకనాడు అన్నప్పుడు ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. అందుకే ఈరోజు పెసలు రెట్టింపు నానబోసింది.

పై వాటా సంగతి ఆమె చేతిలోనిది. సందంతా జావా, ఒరాకిల్ కంప్యూటర్ క్లాసుల బ్యానర్లే. హాస్టల్ పెడతామని, క్లాసులు పెడతామని రోజుకొకరు వచ్చేవారు. సంసారులకే ఇస్తానని ఆమె పట్టుబట్టి టు-లెట్ బోర్డు అలాగే ఉంచింది. నిన్న సాయంత్రం కూడా ఎవరో ఫోన్ చేసి, రేపొచ్చి ఇల్లు చూస్తామన్నారు. టిఫిన్ల వేళకి ఫణీంద్ర వస్తాడు, అతను వెళ్లాక అద్దెకొచ్చేవాళ్లు వస్తారు. ఇదీ ఆ పూట ఏర్పాటు.

బెల్లు మోగగానే ప్రసాద్ పరుగున వెళ్లి తలుపు తీశాడు. గుమ్మంలో యాభైకి దగ్గరపడిన బట్టతల మనిషి, ఇస్త్రీ చొక్కాలో బెరుకుగా నిలబడి ఉన్నాడు.

"నమస్తే సార్. హనుమత్ప్రసాద్ సార్ ఇల్లు గిదేనా? నిన్న ఫోన్ల..."

మాట పూర్తి కాకుండానే ప్రసాద్ అతన్ని కావలించుకున్నాడు.

"ఏరా! జుట్టంతా ఏం చేశావురా!"

ఆ మనిషి తల తడుముకున్నాడు. "పోయింది సార్."

"సార్ ఏంట్రా, సార్! ఒరే అను."

"అట్లెట్లంట సార్?"

"అంటేగానీ లోపలికి రానివ్వను."

"ఒ... ఒరే" అన్నాడతను, ఆముదం తాగిన పిల్లాడిలా.

"అదీ! నన్ను గుర్తుపట్టావా లేదా? నిజం చెప్పు."

ఈ ప్రశ్నకి లేదని జవాబు చెప్పిన తెలుగువాడు ఇంతవరకూ పుట్టలేదు. ఆ మనిషీ పెద్దమనిషే. "ఎందుకు గుర్తుపట్టలే? మస్తు గుర్తున్నవ్" అన్నాడు.

ప్రసాద్ అతన్ని సోఫాలో కూలేసి వంటింట్లోకి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. వరలక్ష్మి మొదటి అట్టు తిరగేస్తూ గొంతు తగ్గించింది.

"ఏమండీ, ఆయన మాట మనవైపు మాటలా లేదే?"

"ఇన్నేళ్లు ఇక్కడుంటే మారదా? నువ్వు మాత్రం మొన్న టమాటాలవాడితో 'జర మంచివి వెయ్యి' అనలేదూ?"

అన్న మాట నిజమే గనక ఆమె అట్టు కంచంలోకి తీసింది.

మొదటి అట్టు అయ్యేదాకా వచ్చినాయన అవునవునంటూ తల ఊపాడు. పంజాగుట్టలో టైర్ల దుకాణమని చెప్పాడు. "బిజినెస్సా! నువ్వు అప్పుడే అన్నావు, ఒకరి కింద పనిచెయ్యనని" అన్నాడు ప్రసాద్. తానెప్పుడన్నాడో వచ్చినాయనకి తోచలేదు, తల మాత్రం ఊపాడు. రెండో అట్టు దగ్గర ప్రసాద్ పాలపొడి మాటెత్తాడు.

"బళ్లో పాలపొడి ఇచ్చేవాళ్లు, గుర్తుందా?"

ఆ మనిషి చెయ్యి కంచంలో ఆగింది. "యాది లేకేం! నీళ్లల్ల కలపకుంట జేబుల పోసుకొని ఉత్తదే తింటుంటిమి. అంగిట్ల అతుక్కుంటే నాలుక కదలకపోతుండె!"

"పద్యం అప్పగించమంటే నోరు పెగిలేది కాదు!"

"సారేమో రాలేదని కొడుతుండె!"

"లెక్కల మాస్టారైతే కుర్చీలోనే నిద్ర!"

"గురక సుత పెడుతుండె గదరా!"

ఆ ‘రా’ దానంతటదే వచ్చింది. ఇద్దరూ తొడలు చరుచుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. మూడో అట్టు పట్టుకొచ్చిన వరలక్ష్మి గుమ్మంలోనే ఆగిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన అంత పెద్దగా నవ్వడం ఆమె చూడలేదు.

నవ్వు తగ్గాక ఆ మనిషి గొంతు సవరించుకున్నాడు. "ఒక మాట. మీ పై పోర్షను..."

"నీకు కావాలా? ఈ ముక్క అడగడానికి ఇంత మొహమాటమేంట్రా! నీకు కాక ఇంకెవరికిస్తాను? పద, చూద్దువుగాని."

ఇద్దరూ భుజాల మీద చేతులు వేసుకుని మేడ మెట్లెక్కారు. తనని అడగకుండా వాటా ఇచ్చేసినందుకు వరలక్ష్మికి కోపం రావాల్సింది. ఆ నవ్వు ఇంకా చెవుల్లో ఉండటంతో రాలేదు.

అంతలో మళ్లీ బెల్లు మోగింది. ఈసారి వచ్చినాయన నల్లటి కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"హనుమత్ప్రసాద్ గారిల్లు ఇదేనాండి? ఫోన్‌లో మాట్లాడాను. ఇవాళ రమ్మన్నారు."

అద్దెకొచ్చినవాడని ఆమెకి అనుమానమే లేకపోయింది. వాటా అయిపోయిందని గుమ్మంలోనే చెప్పడం బాగుండదని కూర్చోబెట్టింది. కూర్చోబెట్టాక, అలవాటు కొద్దీ ప్రశ్నలు వాటంతటవే వచ్చాయి.

"ఎంతమంది ఉంటారండీ?"

"నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు."

"మాంసం తింటారా?"

వచ్చినాయన ముఖం విప్పారింది. "అన్నీ తింటానండి. మీరేం మొహమాటపడకండి, ఏది చేసినా సరే."

అద్దెకొచ్చి ఇంటావిడ చేత కోడికూర వండించుకుందామనుకునేవాణ్ణి వరలక్ష్మి మొదటిసారి చూస్తోంది.

"రాత్రి పదింటికి గేటు వేసేస్తాం" అంది కటువుగా.

"అబ్బే, అప్పటిదాకా ఉండనండి."

"గోడలకి మేకులు కొట్టడానికి వీల్లేదు."

ఆయన తన ఖాళీ చేతులు ఒకసారి చూసుకున్నాడు. "కొట్టనండి."

"అయినా ఇప్పుడివన్నీ ఎందుకులెండి. వాటా ఇందాకే ఇచ్చేశాం. ఈయనతో చదువుకున్నాయన, ఫణీంద్ర గారని."

"ఎవరికీ?"

"ఫణీంద్ర గారికి. పైన చూస్తున్నారు."

"నేను పైన చూస్తున్నానా?" అన్నాడాయన.

వరలక్ష్మికి అర్థమయ్యే లోపలే ఇద్దరు స్నేహితులూ నవ్వుకుంటూ కిందికి దిగారు. "క్షమించాలండీ, ఇల్లు మావాడు తీసుకున్నాడు. మా ఫణీంద్ర, చిన్ననాటి స్నేహితుడు" అని ప్రసాద్ పరిచయం చేశాడు.

"ఫణీంద్ర నేనండీ" అన్నాడు కళ్లజోడాయన.

వంటింట్లో పెనం మీద అట్టు మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ కదల్లేదు.

ప్రసాద్ తన చేయి ఎవరి భుజం మీదుందో మెల్లగా తిరిగి చూశాడు. "మరి నువ్వు... మీరు?"

"రాజనర్సయ్య సార్. బోర్డు చూసి ఫోన్ చేసిన. నెల సంది ఇండ్లు చూస్తున్న. అందరు గేటు కాడనే నిలబెట్టి మాట్లాడిండ్రు. మీరు లోపలికి తోల్కపోయి అట్లు పెట్టిండ్రు. కాదని చెప్పనీకి నోరు రాలే. పాలపొడి మాత్రం అబద్ధం కాదు సార్. మా బడిల సుత ఇచ్చిండ్రు."

ప్రసాద్ చేయి తీసి, అసలు ఫణీంద్ర పక్కన కూర్చున్నాడు. కొత్త అట్టు వచ్చింది. "పాలపొడి గుర్తుందిరా?" అని ఆశగా అడిగాడు.

"స్కూలు రోజులు నాకంత గుర్తుండవండి" అన్నాడు ఫణీంద్ర, మిరపకాయలు ఏరి పక్కన పెడుతూ. "అసలు విషయానికొస్తే, మాది ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్. అమీర్‌పేటలో పై వాటా ఖాళీ అన్నారుగా, అందుకే వచ్చాను. ముప్ఫై కంప్యూటర్లు పడితే చాలు. అద్దె మీరెంతంటే అంత."

"ఒక్కసారి ఒరే అనరా."

"భలేవారే హనుమత్ప్రసాద్ గారూ!"

ప్రసాద్ ముఖం చూసి వరలక్ష్మి చూపు తిప్పుకుంది. గుమ్మం దగ్గర రాజనర్సయ్య వంగి చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"రాజనర్సయ్య గారూ, మీరెంతమంది?" అంది.

అతను అలాగే వంగి తలెత్తాడు. "ఆరుగురం అమ్మా. మా అమ్మ సుత ఉంటది."

"మాంసం?"

"ఆదివారం తింటం. అబద్ధమెందుకు."

వరలక్ష్మి ఒక్క క్షణం ఆలోచించింది. "ఇవాళ ఆదివారమే. పెసరట్లతో సరిపెట్టుకున్నారుగా. ఒకటో తారీఖుకి సామాను తెచ్చుకోండి."

ప్రసాద్ లేచి నిలబడ్డాడు. "ఒరే రాజనర్సయ్యా, అక్కడేం చేస్తున్నావురా? వచ్చి కూర్చో. లెక్కల మాస్టారి సంగతి పూర్తి కాలేదు."

రాజనర్సయ్య ఇంటావిడ వంక చూశాడు, ఇంటాయన వంక చూశాడు. "వస్తున్న ఆగరా" అన్నాడు.

ఫణీంద్ర అట్టు సగంలో వదిలి, చేయి కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని, ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా ఇల్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ సందులో అతని కారు వెనక్కి తీయించడానికి మాత్రం రాజనర్సయ్యే వెళ్లి, "ఆనే దో, ఆనే దో" అని పావుగంట అరవవలసి వచ్చింది.