దురుగప్ప కాళ్లు కడిగిన రోజు

ఉదయం కాఫీ తాగుతూ ఆశీర్వాదం పుస్తకంలో మొదటి అధ్యాయం ముగించాడు. విశ్వాసి తాను పనిచేసే చోట అందరినీ ఒక జట్టుగా ఎలా నడపాలో చెప్పే పుస్తకం. పాస్టరుగారు ఇచ్చారు. పెద్దవాడు ముందు సేవకుడు కావాలనీ, ప్రభువు శిష్యుల కాళ్లు కడిగాడనీ అందులో ఉంది. ఆశీర్వాదం లేచి కొత్త తువ్వాలు, ఇత్తడి చెంబు సంచిలో పెట్టుకున్నాడు.

"చెంబు యాడికి?" అంది భార్య కృపమణి.

"ఆఫీసుకు. టీమ్‌వర్కు."

"పుస్తకం చదివి కండ్లద్దాలు తెచ్చుకునినోళ్లను చూసినా. చెంబు ఎత్తకపోయేటోన్ని ఇప్పుడే చూస్తాండా."

ఆశీర్వాదం ఖనిజం లారీల యార్డులో మేనేజరు. ఖనిజం ధర పెరిగినప్పటి నుంచి, ఎవరి లారీ ముందు పోవాలని డ్రైవర్లు రోజూ కొట్టుకుంటున్నారు. లారీలన్నీ మధ్యాహ్నానికి గేటు దాటకపోతే ఆ కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడని యజమాని కోదండరామి ముందురోజే చెప్పాడు.

యార్డులో మొదట దొరికినవాడు దురుగప్ప, పెళ్లి కాని కుర్రాడు. ఆశీర్వాదం అతన్ని బల్లమీద కూర్చోబెట్టి కాళ్లు కడిగాడు. ఖనిజం దుమ్ముకు నీళ్లు ఎర్రగా పారాయి. కొత్త తువ్వాలుతో తుడిచాడు. డ్రైవర్లంతా చుట్టూ మూగారు.

"మా అమ్మకు కబురు చెప్పి వస్తా మామా," అన్నాడు దురుగప్ప తల వంచుకుని.

నిన్నటిదాకా సార్ అన్నవాడు మామా అనడం పుస్తకం మహిమే అనుకున్నాడు ఆశీర్వాదం. చెంబు పట్టుకుని పంపన్న వైపు తిరిగాడు.

"నాకెందుకు సార్? నాకు ముగ్గురు పిల్లోళ్లుండారు," అంటూ పంపన్న రెండడుగులు వెనక్కి వేశాడు. వినయం అనుకున్నాడు ఆశీర్వాదం.

అదే పంపన్న దురుగప్ప కోసం తన లారీ వెనక్కి తీశాడు. ఒకరి లారీకి ఇంకొకరు టార్పాలిన్ కట్టారు. మధ్యాహ్నం కాకముందే యార్డు ఖాళీ.

కోదండరామి వచ్చి నోరు తెరిచాడు. "ఏం మంత్రమేసినావప్పా?"

"దురుగప్ప కాళ్లు కడిగినా."

"అట్లనా! బిడ్డనిస్తాండావని నాకొక మాట చెప్పకూడదా?"

"బిడ్డ ఏంది?"

"పెండ్లిలో అల్లుని కాళ్లు పిల్ల తండ్రి గాక ఇంకెవరు కడుగుతారప్పా?"

చర్చి పెళ్లిళ్లలో ఆ పద్ధతి లేదు. ఆశీర్వాదం చెంబు సంచిలో వేసుకుని ఇంటికి పరుగెత్తాడు.

సత్యనారాయణపేటలో ఇల్లు చేరేసరికి వీధినిండా లారీలు. దురుగప్ప తల్లి బసవ్వ పూలూ పండ్లూ పళ్లెంలో పెట్టుకుని కూర్చుంది. పక్కనే దురుగప్ప, చుట్టూ డ్రైవర్లు.

"మీ దేవుడైనా మాకు ఒప్పేనమ్మా," అంటోంది బసవ్వ కృపమణితో.

"నాన్నా, నన్నొక మాటడిగినావా?" అంది కాలేజీలో చదివే కూతురు కెరోలిన్.

ఆశీర్వాదం గబగబా సంచి విప్పాడు. చెంబు తీసి పంపన్న కాళ్లు కడిగాడు. వరసగా డ్రైవర్లందరి కాళ్లు కడిగి, చివరికి బసవ్వ కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"నా కాళ్లెందుకప్పా? నేనూ అల్లున్నా?"

"ఇక్కడెవరూ అల్లుడు కాదమ్మా. మా ప్రభువు చేసినాడని చేసినా. బుద్ధి లేక ఒక్కనితో ఆపినా."

కెరోలిన్ ఫక్కున నవ్వింది. దురుగప్ప గట్టిగా ఊపిరి వదిలాడు. "బతికించినావు సార్. హగరి ఊర్లో నేను మనసు పడిన అత్తకూతురు ఉండాది. నీ మాట కాదనలేక వచ్చినా."

మర్నాడు పొద్దున్నే యార్డులో మళ్లీ కాలర్లు పట్టుకున్నారు. ఈసారి లారీల కోసం కాదు. తన కాళ్లు అందరికంటే వెనక కడిగారని ఒకడికి కోపం.

రెండో అధ్యాయంలో ఏముందో ఆశీర్వాదానికి ఇప్పటికీ తెలియదు. పుస్తకం పెట్టిన బీరువా తాళంచెవి కృపమణి దగ్గర ఉంది.