అయిదు పాళ్ల భయం

కార్మికుడి చెయ్యి తెగితే దాంతోపాటు మనసూ తెగుతుందని, చేతికి కట్టు కట్టేలోపే మనసుకీ కట్టాలని మానవజాతి ఎట్టకేలకు కనిపెట్టింది. అంత గొప్ప విషయానికి ఒక అట్టపెట్టెల ఫ్యాక్టరీ ఆఫీసులో ఒక గది, రెండు కుర్చీలు, 'సత్వర సాంత్వన విభాగం' అనే పెద్ద బోర్డు కేటాయించారు. (సత్వరం అంటే గాయమైన మూడు రోజుల్లోపు. నాలుగో రోజు పడే బాధను బాధగా గుర్తించరు.)

ఆ ఫ్యాక్టరీలో కటింగ్ మెషిన్ ఆపరేటర్‌కి కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. విభాగం మాట తప్పలేదు, సరిగ్గా మూడో రోజు ఫోన్ చేసింది. అప్పటికి ఆయన రెండో ఆపరేషన్ అయి మత్తులో ఉన్నాడు. ఉలుకూ పలుకూ లేకుండా పడుకున్నారని ఫోన్ ఎత్తిన భార్య చెప్పింది. సాంత్వన అధికారి 'కార్మికుడు ప్రశాంతంగా ఉన్నాడు' అని రాసుకుని ఫైలు మూసేశాడు.

ఇంటికొచ్చాక ఆ ప్రశాంతత బయటపడింది. ఆవిడ మిక్సీ వేస్తే చాలు, ఇరవై ఏళ్లు మెషిన్ల మోతలో బతికిన మనిషి చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్లిపోయేవాడు. అడిగితే గాలి కోసమనేవాడు. ఆవిడ మిక్సీని అటకెక్కించింది. కానీ ఆరు వారాల్లో డ్యూటీలో చేరకపోతే ఆ మెషిన్ ఇంకొకరికి ఇచ్చేస్తారు, ఆయనకేమో వేరే పని రాదు. కటింగ్ మెషిన్‌ని అటకెక్కించడం కుదరదు గనక ఆవిడ విభాగానికి వెళ్లింది.

అధికారి మంచివాడే. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, సత్వరం దాటిపోయింది గనక ఇది 'నిదాన సాంత్వన' కిందికి వస్తుందనీ, ఆ విభాగం ఇంకా పుట్టలేదనీ చెప్పాడు. ఆవిడ లేవలేదు. (పిల్లలకి స్కూల్లో సీటు కూడా ఇలా కూర్చునే సాధించింది.) చివరికి ఆయన సొరుగులోంచి భయమాన పట్టిక తీశాడు. పదిలో మూడు దాటని భయానికి ఓదార్పు అక్కర్లేదు. ఏడూ ఆపైన ఉంటే మనిషి ఉద్యోగానికి పనికిరాడు.

"మరి ఎంతుంటే మాట్లాడతారండీ?"

"అయిదమ్మా. వరసగా ఇరవై ఒక్క రోజులు. సాయంత్రం ఆరింటికి ఫోనొస్తుంది, చెప్పాలి."

"అన్నాళ్లు అయిదు దగ్గరే నిలబడ్డ మనిషికి ఇంక మీతో పనేముందండీ?"

అధికారి పట్టిక తిరగేసి చూసి, ఆ గడి ఇందులో లేదన్నాడు.

ఆనాటి నుంచి ఆపరేటర్ రోజూ ఆరింటికి అయిదు పాళ్లు భయపడసాగాడు. తొమ్మిదో రోజు నోరుజారి ఎనిమిదన్నాడు. భార్య ఫోను లాక్కుని, అది మా ఇంటి నంబరండీ అని సర్దింది. ఇరవై ఒకటో రోజు గడవగానే, ఆయన భయం నిలకడగా ఉన్నందుకు అభినందిస్తూ, ఓదార్పు అవసరం లేదని ఉత్తరం వచ్చింది.

ఈ రోజులన్నీ పక్క మెషిన్ మీద పనిచేసే గొంతుగాడు (ఫ్యాక్టరీలో అరిచి అరిచి ఇళ్లలోనూ అరిచే మనిషి) డ్యూటీ దిగి వీళ్లింటికి వస్తూనే ఉన్నాడు. ధైర్యం చెప్పేవాడు కాదు. సూపర్‌వైజర్‌ని తిట్టి, టీ తాగి, పోయేవాడు. ఉత్తరం వచ్చిన రోజు మాత్రం గొంతు తగ్గించాడు.

"బావా, నీ మెషిన్ కింద నెత్తురు కడిగింది నేనే. అప్పట్నించీ నేనూ స్విచ్చు వేసే ముందు వేళ్లు లెక్కపెట్టుకుంటున్నా. రేపు గేటు దాకా రా. లోపలికొద్దులే."

ఆపరేటర్ చాలాసేపు ఏడ్చాడు. భార్య వంటింట్లో పనేమీ లేకపోయినా అక్కడే ఉండిపోయింది.

మర్నాడు గేటు. రెండు రోజులకి షెడ్డు. తర్వాత ఆగి ఉన్న మెషిన్. ఆ తర్వాత నడుస్తున్న మెషిన్, భుజం మీద గొంతుగాడి చెయ్యి. గడువుకి ఒక రోజు ముందు ఆపరేటర్ డ్యూటీలో చేరాడు.

విభాగం దీన్ని తన తొలి విజయంగా ప్రకటించి, ఆయన ఫోటో గోడకి తగిలించింది. ఈ విజయం ఎలా సాధ్యమైందో తెలుసుకోవడానికి విచారణ కూడా జరిపింది. అందులో గొంతుగాడి సంగతి తేలింది. శిక్షణా అనుమతీ లేకుండా తోటి కార్మికుణ్ణి ఓదార్చినందుకు అతన్ని చిట్టచివరి షెడ్డుకి మారుస్తూ నోటీసిచ్చి, ఆపరేటర్‌కి నకలు పంపారు. నోటీసు చదివి మనసు కలత చెందినవారు ముందుగా అందినట్టు సంతకం పెట్టి, ఆ తర్వాతే కలత చెందాలని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.