మదార్‌బీ నీమాస్త్ర ప్రయోగం

శ్రీమన్మిరపసస్యశోభితమై, ఘాటుకు తుమ్మని ముక్కు లేనిదై, వాన పడితే కాలిచెప్పును తిరిగి ఇవ్వనిదై అలరారే గుంటూరు నల్లరేగడి సీమలో, కార్తికమాసాన, మంచు విడీ విడని ప్రభాతవేళ, గోమూత్రనింబపత్రసమ్మిశ్రిత దివ్యాస్త్రధారిణి, ఆదాం ధర్మపత్ని మదార్‌బీ సమరానికి సన్నద్ధురాలైంది.

ఆ అస్త్రం పేరు నీమాస్త్రం. వేపాకు, ఆవుపేడ, ఆవుపంచితం నానబెట్టి వడకట్టిన కషాయం. దాని మహిమను బోధించడానికి ఆమె చేలోనే రైతుసభ తీర్చింది. సభ్యులు టీ సేవించి, శిరఃకంపం చేసి, తిన్నగా పురుగుమందుల కొట్టుకే నడిచారు. వారిలో అగ్రగణ్యుడు పక్కచేను అంకమ్మరావు. ఆ విషవర్షప్రియుడు కొట్టే మందు గాలికి గట్టు దాటి, మదార్‌బీ మిరపలో ఆకురసం పీల్చే పేనుబంకను తినిపెడుతున్న అక్షింతల పురుగులను హతమారుస్తోంది. అవి పోతే ఆమె కూడా ఆ కొట్టు మెట్లెక్కక తప్పదు. ఎక్కాక ఇక ఊరికేం నేర్పుతుంది? పాపం, ఆ దిగులుతో ఆమెకు కంటిమీద కునుకు లేదు.

అయితే ఆ సీమలో అనాదిగా ఒక ధర్మం ఉంది: పక్కచేనువాడు ఏం మందు కొట్టాడో తెలిసేదాకా రైతుకు ముద్ద దిగదు. దాన్ని తలచుకుని ఆ వీరనారి బోధన మాని, ట్యాంకు వీపున కట్టి, ముక్కుకు గుడ్డ బిగించి, గట్టు వెంట దుర్గంధభీకరంగా పిచికారీ సాగించింది.

అంకమ్మరావు నాసికాపుటాలు అదిరాయి. అతడు దిగ్గున లేచి, గట్టెక్కి, మేఘగంభీరస్వరంతో ఇట్లనియె:

“ఏందక్కా కొడతన్నావు?”

“ఏదో మందులే తమ్ముడూ.”

“చెప్పొచ్చుగా.”

“నీకెందుకయ్యా? షాపాయన నీకు మంచియ్యే ఇస్తన్నాడుగా.”

ఆ వాగ్బాణం గుండెలో దిగబడింది. అతడు వెళ్లాడు. ఉండలేక మళ్లీ వచ్చాడు.

“ఇంత కంపు కొడతందంటే గట్టి మందే. మాకు చెప్పకుండా దాస్తన్నావు.”

“దాచేదేముంది? మొన్న మీటింగులో చెప్పింది ఇదే.”

“అప్పుడు టీ తాగతన్నాలే. ముందు నాకో ట్యాంకు పొయ్యి. గట్టు పక్క నాలుగు సాళ్లకి కొట్టి చూస్తా.”

ఆ నాలుగు సాళ్లలో విషం పడకపోతే చాలు, తన అక్షింతల పురుగులు బతికిపోతాయి. మదార్‌బీ ట్యాంకు నిండా పోసింది. అంకమ్మరావు రెండో సాలు మొదలెట్టాడో లేదో, అవతలి చేలోంచి బసవమ్మ కేకేసింది.

“ఏందిరా అంకమ్మరావూ కొడతన్నావు?”

“ఏదో మందులే పిన్నీ, నీకెందుకు?”

రథగజతురగాదులు లేకుండా, ఒక్క ట్యాంకు కంపుతో మదార్‌బీ జయించిన మహాసామ్రాజ్యాన్ని దిక్కులు పిక్కటిల్లేలా చాటుతున్నాం, వినండి: నాలుగు సాళ్లు.