మంత్రిగారు నాటిన చెట్టు

వంతెన కొట్టుకుపోయిన వరద వచ్చాక రెండో ఏడు. మంత్రిగారు నాటిన పదివేల మొక్కల్లో ఒక్కటి కూడా చావలేదని ఆ ఏడే ప్రకటించారు. ప్రకటించింది మంత్రిగారే. కాబట్టి అనుమానానికి తావు లేదు.

ఆ పదివేలలో ఒకటి మా పెరట్లో ఉండేది. నాటినప్పుడు ఆయన ఇంకా మంత్రి కాదు, వార్డు మెంబరు. నాటింది ఆయనే, ఫొటో కూడా ఉంది. నీళ్లు పోసింది మా ఆవిడ, దానికి ఫొటో లేదు. మొక్క పెరిగి ఇంటికన్నా ఎత్తయింది. వరదనీళ్లు నెలరోజులు పెరట్లో నిలిచేసరికి వేళ్లు కుళ్లి చచ్చిపోయింది. చచ్చి ఊరుకోకుండా ఇంటివైపు ఒరగడం మొదలుపెట్టింది.

మా ఇంటికి ఉన్నది ఒకటే గది. మా ఆవిడ మంచం సరిగ్గా మాను ఒరిగిన వైపే. గాలి వీచినప్పుడల్లా పైన అది కిర్రుమనేది, కింద ఈవిడ సర్రుమనేది.

"వానలు పడేలోగా దాన్ని కొట్టిస్తారా, నన్ను దాని కిందే పూడ్చిపెడతారా?"

చెట్లు కొట్టేవాణ్ణి పిలిచాను. తాడు, రంపం, నిచ్చెన తెచ్చుకున్నాడు. మానుమీద తట్టి చూసి, "ఇది పోయి చాలాకాలమైంది బాబాయ్. సాయంత్రానికి దించేస్తా" అన్నాడు.

రంపం పెట్టబోతుండగా మైకు వచ్చాడు. మైకు మా వీధి పార్టీ కార్యకర్త. ఉత్త గొంతుతోనే నాలుగు వీధులకు వినిపిస్తాడు, అందుకని ఆ పేరు.

"ఏం చేస్తున్నారు?"

"చచ్చిన చెట్టు కొడుతున్నాం" అన్నాడు చెట్లవాడు.

"ఎవరు నాటిన చెట్టు?"

"మంత్రిగారట."

"మరి ఎలా చస్తుంది?"

చెట్లవాడు నావైపు చూశాడు. నేను చెట్టువైపు చూశాను.

"ఎల్లుండి మంత్రిగారు తను నాటిన చెట్టును చూసుకోడానికి స్వయంగా వస్తున్నారు బాబాయ్" అన్నాడు మైకు. "పదివేలూ వెతికాం. నిలబడి ఉన్నది ఇదొక్కటే."

"మిగతావి ఏమయ్యాయి నాయనా?" అంది మా ఆవిడ.

"వాటికి దారి బాగాలేదు పిన్నీ."

మర్నాడు తోటల ఆఫీసరుగారు జీపులో దిగారు. బాగా చదువుకున్నవారు. చెట్టు చుట్టూ ప్రదక్షిణం చేసి, వెనక్కి నాలుగడుగులు వేసి, కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"చచ్చిందండి" అన్నాడు చెట్లవాడు.

"చావు అనేది టెక్నికల్ మాట కాదు. దీన్ని మేం దీర్ఘకాలిక ఆకు విరామం అంటాం."

"బెరడంతా ఊడిపోతోంది కదండీ?" అంది మా ఆవిడ.

"బట్టలు మార్చుకుంటోందమ్మా."

"మరి మా ఇంటిమీదికి ఒరుగుతోందేం?"

"అభిమానం" అన్నారు ఆఫీసరుగారు.

రోజూ నాలుగు బిందెల నీళ్లు పొయ్యమని రాసిచ్చారు. నీళ్లు ఎక్కువై చచ్చినదానికి ఆ మందు రాయాలంటే ఎంత చదువుండాలో ఆలోచించండి.

జీపు ఎక్కబోతూ మైకు చెవిలో ఏదో అన్నారు. మైకు వీధంతా తిరిగాడు. పక్కింటి మామిడి, ఎదురింటి జామ, మూలమీది టీచరమ్మగారి నిమ్మ, ఏదీ వదల్లేదు. ప్రజలు స్వచ్ఛందంగా కొమ్మలు ఇచ్చారు. టీచరమ్మగారు మాత్రం స్వచ్ఛందంగా ఏడ్చారు. చీకటిపడేసరికి వీధిలో చెట్లన్నీ గుండు కొట్టించుకున్నట్టు నిలబడ్డాయి. మా మోడు మాత్రం పచ్చగా కళకళలాడింది.

నిచ్చెన దిగుతూ చెట్లవాడు అన్నాడు: "ఇన్నేళ్లూ కొమ్మలు నరకడమే బాబాయ్. కట్టడం ఇదే మొదలు."

ఆ రాత్రి గాలి వీచింది. ఆకుల బరువుకి మాను ఇంకో జానెడు వంగింది. మా ఆవిడ మంచం మీద లేచి కూర్చుంది గానీ నన్ను తిట్టలేదు. నాకు దానికే భయమేసింది.

మంత్రిగారు వచ్చారు. చెట్టును తలెత్తి చూడగానే ఆయన కళ్లు చెమర్చాయి.

"ఒకే చెట్టుకి ఇన్నిరకాల ఆకులా?"

"భిన్నత్వంలో ఏకత్వం సార్" అన్నారు ఆఫీసరుగారు.

మంత్రిగారు వీధివైపు తిరిగారు. "మిగతా చెట్లు అలా అయిపోయాయేమయ్యా?"

"అవి మీరు నాటినవి కాదు సార్" అన్నాడు మైకు.

మంత్రిగారు చాలాసేపు తల ఊపారు. తర్వాత నా భుజంమీద చెయ్యి వేశారు. "నా చెట్టును కన్నబిడ్డలా చూసుకున్నావు పెద్దాయనా. ఏం కావాలో అడుగు."

నేను ఎక్కువ మాట్లాడను. మా ఆవిడ నా డొక్కలో పొడిచింది.

"మీ చెట్టు మీ ఇంట్లో ఉంటే అందమయ్యా. ఇక్కడ ఎవరు చూస్తారు?" అన్నాను.

ఆఫీసరుగారి మొహం మా మోడు అసలు రంగులోకి వచ్చింది. "సార్, ఇంత పెద్ద చెట్టును పెళ్లగించి ఇంకోచోట పెడితే..."

"పెడితే?"

"ఒక్కోసారి..."

"నేను నాటిన చెట్టు చస్తుందా?"

"చావదు సార్."

మధ్యాహ్నానికి క్రేను వచ్చింది. ఉడికిన దుంపలోంచి పుల్ల లాగినట్టు చెట్టు ఊడివచ్చింది. వేళ్లు భూమిని ఇంత తేలిగ్గా వదలడం ఆరోగ్య లక్షణమని ఆఫీసరుగారు విలేకరులకు వివరించారు. లారీమీద ఊరేగింపుగా తీసుకెళ్లారు. ముందు మైకు జై కొడుతూ నడిచాడు. వెనకాల రాలిన ఆకులు ఏరుకుంటూ చెట్లవాడు నడిచాడు.

సాయంత్రం నిచ్చెన కోసం వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది బాబాయ్. మంత్రిగారు నిద్రలేచేలోగా రోజూ కొత్త ఆకులు కట్టాలి. పర్మినెంటేనట."

"చెట్టు ఉన్నన్నాళ్లా?" అంది మా ఆవిడ.

"కాదు పిన్నీ. మంత్రిగారు ఉన్నన్నాళ్లు."

ఆ రాత్రి మా ఆవిడ గురక విని నాకు నిద్రపట్టలేదు. వినడానికి బాగుంది.

పొద్దున్నే లేచి క్రేను తవ్విన గుంట పూడ్చాను. గోడకి దూరంగా, మంచానికి దూరంగా ఒక మొక్క నాటాను. చుట్టూ ఎవరైనా చూశారేమోనని చూసి, మా ఆవిడను పిలిచాను.

"ఎవరు నాటారని ఎవరైనా అడిగితే, దానంతటదే మొలిచిందని చెప్పు."